గాజు కింద నీలి తల్లి

లోకంలో దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు తల పైకెత్తుతారు. మా రేవు ఊరు పోర్తోలియోలో మాత్రం కిందికి వంచుతాం. మా మరియ తల్లి సముద్రం అడుగున నిలబడి ఉంటుంది మరి. కిందికి చెప్పుకున్న మొర పైనున్న దేవుడికి ఎట్లా చేరుతుందన్న అనుమానం, నేను పెళ్ళై ఈ ఊరు వచ్చిన నాటి నుంచీ నాకు ఉంది. గుడికి వచ్చిన ఫాదర్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన విసుక్కున్నాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్, డోన్ కల్లీస్తో, మాత్రం "నాకూ తెలియదమ్మా ఎర్సీలియా, మీకు తెలిస్తే నాకూ చెప్పండి" అన్నాడు. ఆయన మీద గౌరవం పెరిగింది గాని అనుమానం అట్లాగే ఉండిపోయింది.

మాది రేవు ఒడ్డున ఇల్లు. కింద మేముంటాం. పైన గదులు వేసవి గడపడానికి వచ్చేవాళ్ళకు అద్దెకిస్తాం. నా భర్త బాచ్చీకి, అడుగున గాజు పలక బిగించిన పడవ ఉంది. వచ్చినవాళ్ళు పెట్టె దించీ దించకముందే ఒకటే ప్రశ్న వేస్తారు: ఇక్కడ చూడ్డానికేముంది? నేను కంఠతా వచ్చిన జవాబు చెబుతాను. ఎండ ముదరకముందే మెట్లదారిన లైట్‌హౌస్ దాకా ఎక్కండి. గుహలో ఈత కొట్టండి, కాళ్ళకు చెప్పులు మాత్రం విప్పకండి, రాళ్ళ సందుల్లో ముళ్ళ ఉండల్లాంటి సముద్రపు జీవులుంటాయి. మధ్యాహ్నం పాల్మీరా పిన్ని కాల్చిన రొట్టెలో ఉప్పు చేపలు పెట్టుకు తిని పడుకోండి, ఆ వేళప్పుడు ఈ ఊళ్ళో ఎవరూ తలుపు తియ్యరు. చల్లబడ్డాక మా ఆయన పడవెక్కి మరియ తల్లిని చూసి రండి.

మొదటివన్నీ మర్చిపోయినా ఆ చివరిది ఎవరూ మర్చిపోరు. కొండ చరియ కిందికి వెళ్ళాక బాచ్చీ ఇంజను ఆపేస్తాడు. "టోపీలు తియ్యండి" అంటాడు. అంతవరకూ ఇకిలించినవాళ్ళు కూడా గాజు మీదికి వంగుతారు. కింద, చేపలు మెసిలే నీళ్ళలో, ఆమె నిలబడి ఉంటుంది. మనిషంత ఎత్తు. లేత నీలి ముసుగు, దాని కింద చీకటి లాంటి ముదురు నీలి అంగీ, చాచిన రెండు చేతులు. మొహం మా వైపే ఎత్తి ఉంటుంది. ఆ నీలాన్ని చూసి ఏడ్చినవాళ్ళను నేనెరుగుదును.

కాల్చి మెరుగు పెట్టిన మట్టి బొమ్మ అది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బతికి వచ్చిన జాలరులు కుమ్మరుల ఊరి నుంచి గడ్డి నింపిన పెట్టెలో తెప్పించి, మగవాళ్ళే పడవలో తీసుకెళ్ళి దించారట. ఆడవాళ్ళను రానివ్వలేదట. దించినవాళ్ళందరూ ఇప్పుడు కొండ మీద సమాధుల్లో ఉన్నారు. పాల్మీరా పిన్ని అప్పటికి ఊయల్లో పిల్ల. కాబట్టి ఆమెను పొడిగా చూసిన కళ్ళు ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. మా అత్తగారి కాలంలో అడుగున గాజు వేసిన బకెట్టు నీళ్ళలో ముంచి, అందులోంచి చూసి దండం పెట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత మా పడవ వచ్చింది. ఆమె దగ్గరకు ఈదడానికి ఎవరికీ అనుమతి లేదు. బాచ్చీ పినతండ్రి కొడుకు టూలియో ఒక్కడే ఏడాదికొకసారి, పండుగకు ముందు, గాలి సిలిండరు వీపున కట్టుకుని దిగి, నాచూ గుల్లలూ తుడిచి వస్తాడు.

నేను చెప్పేది డెబ్బై ఎనిమిదో సంవత్సరం వేసవి సంగతి. మరియ తల్లి మోక్షారోపణ పండుగ ఆ వారంలోనే రావాల్సి ఉంది. టూలియో ఆ ఏడు తుడవడానికి ఇంకా దిగలేదు. ఎవరిదో విహారపు ఓడ, ఆపకూడదన్న చోట ఆపి లంగరు వేసింది. లాగేటప్పుడు అది ఆమె నిలబడ్డ దిమ్మెకు తగులుకుంది. సాయంత్రం బాచ్చీ గాజులోంచి చూసి పడవలోనే కూలబడ్డాడు. తల్లి వెల్లకిలా పడి ఉంది.

ఊళ్ళో పొయ్యిలు వెలగలేదు. మరియ తల్లి సంఘంవాళ్ళు గుడిలో కూడి, ఆమెను పైకి తీసి, దిమ్మె సరిచేసి, పండుగనాడే మళ్ళీ దించాలని తీర్మానించారు. రాళ్ళు మోసే బల్లకట్టునూ దాని మీది కప్పీనీ అడిగి తెచ్చారు. అడుగున తాళ్ళు కట్టే పని టూలియోదే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా పెళ్ళైన కొత్తలో ఒక శీతాకాలం బాచ్చీ చేపల వేటకు వెళ్ళి గాలివానలో చిక్కుకున్నాడు. రాత్రంతా రాలేదు. నేను రేవు రాళ్ళ మీద మోకాళ్ళ మీద కూర్చుని, "తల్లీ, మా ఆయన్ని పంపించు, నేనొచ్చి నీ పాదాలు ముద్దు పెట్టుకుంటాను" అని మొక్కుకున్నాను. తెల్లవారి వచ్చాడు. మొక్కు తీర్చడం ఎట్లా? నాకు ఈత రాదు. అప్పటి ఫాదర్‌గారు కొవ్వొత్తి వెలిగిస్తే సరిపోతుందన్నారు. వెలిగించాను. కాని నేను ఒప్పుకున్నది ముద్దు, కొవ్వొత్తి కాదు. ఇప్పుడామె ఒడ్డుకొస్తోందని విన్నప్పుడు, ఊరంతా ఏడుస్తుంటే నాకు లోపల్లోపల సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది.

మర్నాడు పొద్దున ఊరంతా రేవులోనే ఉంది. బల్లకట్టు ఆమెను నీళ్ళలోనే వేలాడదీసుకుని రేవుకు వచ్చాక, కప్పీ కిర్రుమంటూ తిరిగింది. నాచు జడలు వేలాడుతున్న ఆకారం ఒకటి నీళ్ళు కార్చుకుంటూ పైకి లేచింది. అందరం మోకాళ్ళ మీద కూలబడ్డాం. ఆమెను రాతి గట్టు మీద నిలబెట్టారు. టూలియో నీళ్ళ దుస్తుల్లోనే గట్టెక్కి, మంచినీళ్ళ బకెట్లు గుమ్మరించి, తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడవడం మొదలుపెట్టాడు. ముసుగు బయటపడింది. తెలుపు. పాల మీగడ లాంటి తెలుపు. తర్వాత భుజం. తర్వాత అంగీ.

టూలియో చెయ్యి ఆగిపోయింది.

అంగీ ఎర్రగా ఉంది. ఎండలో అప్పుడే కోసిన దానిమ్మలాగా, కళ్ళు జిగేల్మనేటట్టు ఎర్రగా ఉంది.

అప్పుడు ఇంకోటి కూడా కళ్ళబడింది. మా తల్లి మనిషంత ఉంటుంది కదా, ఈ బొమ్మ పక్కన నిలబడ్డ టూలియో ఛాతీ దాకా కూడా లేదు. పదేళ్ళ పిల్లంత ఉంది.

"ఈమె ఎవరు?" అన్నాడు టూలియో.

ఆ మాట వాడి నోటి నుంచే రావడం వాడి ఖర్మ.

పాల్మీరా పిన్ని రొట్టెల పిండి చేతులతోనే ముందుకొచ్చింది. "ఎవరా? మమ్మల్ని అడుగుతావేంట్రా? ఏడాదికోసారి ఆమె దగ్గరికి దిగేది నువ్వొక్కడివే కదా! మా నీలి తల్లి ఏదిరా?"

"పిన్నీ, నేను... ఇందాక తాళ్ళు కట్టింది ఈమెకే. అక్కడ ఇంకెవరూ లేరు."

"అక్కడ లేదంటే ఎక్కడో ఉందన్నమాట! ఈ వసంతంలో నీకు కొత్త పడవ ఎక్కణ్ణుంచి ఊడిపడిందిరా? ఆ ఓడల దొరలకు అమ్ముకున్నావు మా తల్లిని. అమ్మి, సంతలో దొరికే బొమ్మ ఒకటి తెచ్చి నిలబెట్టావు. అదీ పొట్టిది! పెద్దది కొనడానికి కూడా చేతులు రాలేదు!"

"మా మామ ద్రాక్షతోట అమ్మితే వచ్చిన పడవ అది. ఊరందరికీ తెలుసు."

"ఊరికి నీలి తల్లి కూడా తెలుసు. ఏదీ, చూపించు!"

జనంలో గొణుగుడు మొదలైంది. నేను పిన్నిని తిట్టలేను. నా కళ్ళు కూడా ఆమె మాటే అంటున్నాయి. ఇన్నేళ్ళూ శనివారం శనివారం గాజు మీద వంగి చూసిన మొహం ఇదేనా అని వెతికాను. పెదవులు ఎర్రగా ఉన్నాయి, బుగ్గలు లేతగా ఉన్నాయి, ఎవరో కొత్త పెళ్ళికూతురు నన్ను చూస్తున్నట్టుంది. దగ్గరగా వెళ్ళి పాదాల దాకా వంగి, మళ్ళీ లేచి వచ్చేశాను. ఎవరి పాదాలో తెలియకుండా మొక్కెట్లా తీరుస్తాను?

సంఘం పెద్ద టూలియో దగ్గరకెళ్ళి, నేల చూస్తూ, "పండుగకు వేసుకునే నీ మేలంగీ గుడిలో ఇచ్చెయ్యి" అన్నాడు. అంటే పండుగనాడు గుడిలోని తల్లి పటాన్ని ఊరేగించే పల్లకీ కింద వాడి భుజం ఉండదన్నమాట. వాడి తాత, తండ్రి మోసిన పల్లకీ అది. పెద్ద ఊరి నుంచి పోలీసు అధికారిని పిలిపించాలని ఒకరన్నారు. వాడు ఇక ఈ ఊళ్ళో ఎట్లా ఉంటాడని ఇంకొకరన్నారు. డోన్ కల్లీస్తో చేతులెత్తి, "రేపటి దాకా ఎవరూ ఎవర్నీ ఏమీ అనొద్దు" అని బతిమాలాడు. ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం నేను సొరచేప పులుసు గిన్నె పట్టుకుని వాడి దగ్గరకు వెళ్ళాను. తలకిందులు చేసిన పాత పడవ మీద కూర్చుని ఉన్నాడు. గిన్నె వైపు చూడలేదు.

"వదినా, నువ్వూ అట్లాగే అనుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోవడం లేదు. తిను."

"నేనే అనుకుంటున్నాను." వాడు రెండు అరచేతులూ నా ముందు చాపాడు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ చేతులు. "పొద్దున తుడిచేటప్పుడు నా చేతులు ఆమేనన్నాయి. మెడ వెనక మడత, ఎడమ మోచేతి దగ్గర గరుకు, అన్నీ ఎరిగినవే. అంగీ మీదికి రాగానే కళ్ళు కాదన్నాయి. ఏది నమ్మమంటావు వదినా? నాకే తెలియకుండా ఎవరో మార్చేశారేమో. నేను కాపలా ఉండీ."

"నీకు ఎప్పుడూ ఎరుపు కనబడలేదా?"

"ఒట్టు. ఆమె మొహానికి ఇంత దగ్గరగా తల పెట్టి తుడిచినవాణ్ణి. నీలమే."

వాడు అబద్ధమాడటం లేదు. ఆడేవాడైతే, "అవును, ఎర్రగానే ఉండేది" అని ముందే తప్పించుకునేవాడు. కాని ఈ మాట ఎవరికి చెప్పను? భార్య పుట్టింటికి వెళ్దామంటోందని, తట్టాబుట్టా సర్దుకుంటోందని చెప్పాడు. నేను వచ్చేటప్పుడు కూడా పులుసు అట్లాగే ఉంది.

సాయంత్రం చల్లబడ్డాక జనం మళ్ళీ గట్టు మీద పోగయ్యారు. విహారానికి వచ్చినవాళ్ళు ఐసు ముక్కలు చప్పరిస్తూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్ళకు ఇదీ ఒక చూడదగ్గ వింతే. మా పైగదిలో దిగిన డచ్చి పంతులమ్మ నా పక్కకొచ్చి, "ఎంత అందంగా ఉంది! ఎందుకందరూ ఏడుస్తున్నారు?" అని అడిగింది.

ఫాదర్‌గారు పాల్మీరా పిన్నికి నచ్చచెబుతున్నారు. "మొహం సరిగ్గా చూడండమ్మా. ఒకవేళ ఆమేనేమో."

పిన్ని మండిపడింది. "మొహం చూడాలా? గాలిలో మొహం నాకేం తెలుసు ఫాదర్! పుట్టిన్నుంచీ నీళ్ళలోంచి చూసిన తల్లి. కావాలంటే ఈ బొమ్మను నీళ్ళలో పడెయ్యమనండి, గాజులోంచి చూసి చెబుతాను, నా తల్లో కాదో!"

వెక్కిరింపుగా అన్నమాటే. నలుగురు నవ్వారు కూడా. కాని ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. నిజమే కదా. మాలో ఎవరమైనా ఆమెను ఇంకోరకంగా ఎప్పుడు చూశాం?

"పడేద్దాం" అన్నాను. నేను అంత గట్టిగా అంటాననుకోలేదు. అందరూ తిరిగారు. "పడెయ్యడం కాదు, దించుదాం. ఆ చోటే, అంత లోతుకే. మా పడవ గాజులోంచి పిన్నే చూస్తుంది. చూసి, కాదంటే కాదు."

"ఎర్రది నీళ్ళలో దించితే నీలం అవుతుందా, ఎర్సీలియా?" అన్నాడు బాచ్చీ. "ఎర్ర కోడిని ముంచితే బాతవుతుందా?"

"అవ్వకపోతే టూలియో పోతాడు. అయితే ఉంటాడు. ముంచి చూడ్డానికి నీ ఇంజనుకు నొప్పా?"

ఫాదర్‌గారు సరేనన్నారు. ఇంకా పొద్దు కొండ దాటలేదు, వెలుగు బాగానే ఉంది. ఆమెను మళ్ళీ తాళ్ళతో బల్లకట్టెక్కించారు. మా పడవలో పాల్మీరా పిన్ని, ఫాదర్‌గారు, సంఘం పెద్ద, నేను. టూలియోను కూడా ఎక్కమన్నాను. పిన్ని వాడికి వీపు తిప్పి కూర్చుంది.

కొండ చరియ కింద బాచ్చీ ఇంజను ఆపాడు. అలవాటుకొద్దీ "టోపీలు తియ్యండి" అనబోయి నోరు మూసుకున్నాడు. కప్పీ తిరిగింది. మేం గాజు మీదికి వంగాం.

మొదట ఎరుపే. నీళ్ళలో పడ్డ నెత్తురులాగా ఎరుపు. "చూశారా!" అంది పిన్ని. "చూశారా! ఏమైంది? ఏమీ కాలేదు!"

"ఇంకా దించండి" అని అరిచాను.

తాడు జారింది. ఎరుపు మెల్లగా మసకబారింది. ఇటుక రంగయింది. ఇంకొంచెం దిగేసరికి ఆ ఇటుక రంగు కూడా ఎవరో పీల్చేసినట్టు పోయింది, తుప్పు పట్టిన ఇనుములా గోధుమ రంగు మిగిలింది. తెల్లటి ముసుగు అంచుల నుంచి నీలం పాకడం మొదలుపెట్టింది. నా పక్కన పిన్ని ఊపిరి గాజు మీద ఆవిరై పడుతోంది. ఆమె మోచేత్తో తుడుస్తోంది, మళ్ళీ ఆవిరి పడుతోంది.

"ఇంకా" అంది పిన్ని. అన్నది నేను కాదు.

గోధుమ రంగు చీకటైంది. చీకటి ముదురు నీలమైంది. తాడు ఆగింది. దిగినకొద్దీ చిన్నదైపోవాల్సిన బొమ్మ, మా కళ్ళ ముందే మనిషంత అయి నిలబడింది. లేత నీలి ముసుగు. చాచిన చేతులు. మొహం మా వైపే ఎత్తి ఉంది.

సంఘం పెద్ద సిలువ గుర్తు వేసుకోబోయి చెయ్యి మధ్యలోనే వదిలేశాడు. పాల్మీరా పిన్ని తల ఎత్తి కూర్చుంది.

"ఆవిడే" అంది. మళ్ళీ గాజు వైపు చూసి, "అయితే నేను ఇన్నేళ్ళూ చూసిందెవర్ని?" అంది.

ఆమెకు ఆ రంగూ ఆ ఎత్తూ ఇచ్చింది నీళ్ళే అని కళ్ళారా చూశాం. మరి మా అత్తగారు గాజు బకెట్లోంచి చూసి ఏడ్చిన ఏడుపు? నా భర్తను ఒడ్డుకు చేర్చిన మొక్కు? అవి నీళ్ళకు చెప్పుకున్నామా? ఆమె ఎర్రగా, పిల్లంత చిన్నదిగా అడుగున నిలబడి, మేం ఇంకెవరినో పిలుస్తుంటే ఇన్నేళ్ళూ పలుకుతూ ఉందా? పలికిందన్నది మాత్రం నిజం. బాచ్చీ నా ఎదురుగా చుక్కాని పట్టుకుని కూర్చునే ఉన్నాడు కదా.

టూలియో గాజు మీద వంగి అట్లాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పిన్ని వాడి వైపు తిరిగింది.

"ఏడవకురా. గాజు పాడవుతుంది."

"సరే పిన్నీ."

"నీ మేలంగీ నేనే ఇస్త్రీ చేసి తెస్తాను. మీ ఆవిడతో చెప్పు, మూటలు విప్పమని." కొంచెం ఆగి, "ఆ కొత్త పడవ సంగతి మాత్రం నేనింకా పూర్తిగా నమ్మలేదు" అంది.

బాచ్చీ ఫక్కున నవ్వాడు. మేం ఒడ్డుకొచ్చి సంగతి చెప్పాం. గట్టు మీద జనం వరసకట్టారు. ఆమెను మళ్ళీ పైకి తీసేలోపు అందరికీ ఒక్కసారి గాజులోంచి చూపించాలన్నారు. పడవ దిగి వచ్చిన ప్రతివాడి మొహమూ ఒకేలా ఉంది, ఇంటికెళ్ళి తలుపు తీస్తే లోపల తమ తల్లి పడుచుపిల్లగా కూర్చుని ఉన్నట్టు.

పొద్దు కుంకే వేళకు ఆమెను తిరిగి రాతి గట్టు మీద నిలబెట్టారు. తాళ్ళు విప్పింది టూలియోనే. విప్పేటప్పుడు కళ్ళు మూసుకుని మెడ వెనక మడత తడిమి చూసుకున్నాడు. నీళ్ళు ఇంకా అంగీ మీది నుంచి కారుతున్నాయి. ఆ చివరి ఎండలో ఆ ఎరుపు చూడ్డానికి నాకు అప్పటికీ భయమే వేసింది. ఎరగని మనిషి ముందు నిలబడ్డట్టే ఉంది. అయినా జనం లోంచి తోసుకుని ముందుకు వెళ్ళాను.

"ఏంటి వదినా?" అన్నాడు టూలియో.

"కొంచెం జరుగు. ఈవిడతో నాకో లెక్క ఉంది."

వాడు జరిగాడు. నేను తడి రాళ్ళ మీద మోకాళ్ళూని, తల బాగా కిందికి వంచి, ఆమె రెండు పాదాలూ ముద్దు పెట్టుకున్నాను. చల్లగా, ఉప్పగా ఉన్నాయి.